టెక్సాస్‌లో మా పాప కేసు: పర్యవేక్షణలో కలుసుకున్న నెలలు, ఆ తర్వాత ఇంటికొచ్చిన సహాయం

2024 డిసెంబరు 12న జడ్జి మా కేసు కొట్టేశారు. 2024 జనవరి 20న ఎనిమిది నెలల మా పాపను ఆస్పత్రి నుంచే తీసుకెళ్లిన దగ్గర్నుంచి ఆ రోజు దాకా ఏం జరిగిందో రాస్తున్నాను. మాకిది వచ్చిపడినప్పుడు తెలుగులో చదువుకోవడానికి ఏమీ దొరకలేదు. తెలిసినవాళ్లు చెప్పినవన్నీ ఎక్కడో ఎవరికో జరిగిన భయంకరమైన కథలే. ఇలాంటిది జరిగిన ఇల్లు బయటికి చెప్పుకోదు. అందుకే రేపు ఇంకొకరికి జరిగినప్పుడు వాళ్లకూ ఏమీ తెలియదు. పేర్లూ ఊరూ రాయను, మిగతాదంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

జనవరి 19, శుక్రవారం సాయంత్రం పాప మంచం మీద నుంచి దొర్లి చెక్క నేల మీద పడింది. ఎత్తుకుంటే కుడికాలు ముట్టనివ్వలేదు. వెంటనే పిల్లల ఆస్పత్రికి పరుగెత్తాం. తొడ ఎముక విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఇంకా అడుగులు వేయని బిడ్డకు తొడ ఎముక విరిగితే ఎవరైనా కొట్టారేమోనని డాక్టర్లు ఆలోచించాలి, అనుమానం కలిగితే ఫిర్యాదు చేసి తీరాలి. చట్టం వాళ్లకు వేరే దారి ఇవ్వదు. రెండేళ్లలోపు పిల్ల కాబట్టి ఆ రాత్రే ఒళ్లంతా ఎక్స్‌రేలు, తలకు స్కానింగ్, కంటి పరీక్ష చేశారు. ఎక్స్‌రే కోసం మొలతాడు కత్తిరించి, నర్సు దాన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు.

అర్ధరాత్రి దాటాక పిల్లల రక్షణ విభాగం నుంచి దర్యాప్తు అధికారిణి వచ్చారు. టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. దర్యాప్తుకు వచ్చినవాళ్లు మన హక్కులేమిటో నోటితోనూ చెప్పాలి, కాగితం మీదా ఇవ్వాలి. లాయరు లేకుండా మాట్లాడనవసరం లేదు, సంభాషణ రికార్డు చేసుకోవచ్చు, కోర్టు ఉత్తర్వు లేకపోతే ఇంట్లోకి రానివ్వక్కరలేదు. ఆమె ఇవన్నీ చెప్పారు, కాగితమూ ఇచ్చారు. కానీ బిడ్డ పక్క గదిలో ఏడుస్తుంటే ఆ కాగితంలోని మాటలు ఎవరి బుర్రకెక్కుతాయి? ఇప్పుడు మామూలుగా ఉన్న రోజున ఇది చదువుతున్నవాళ్లు ఆ మూడు హక్కులూ గుర్తు పెట్టుకోండి.

శనివారం ఉదయం పాపకు నడుము నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. మధ్యాహ్నం ఆమెను తీసుకుని వెళ్లిపోయారు. కారు సీటు మమ్మల్నే ఇమ్మన్నారు గానీ కట్టుతో ఆ సీటులో పట్టలేదు, ఆస్పత్రివాళ్లు వేరేది తెచ్చారు. ఆ రాత్రి రెండింటికి నాకు పాలు చేపుకొచ్చాయి. వాటిని పిండుకుని సింకులో పారబోశాను. నా భర్త గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయారు. పాపకు అప్పటిదాకా సీసా పట్టడం కూడా సరిగా రాదు.

సోమవారం కోర్టు తాత్కాలిక సంరక్షణ ప్రభుత్వానికి అప్పగించింది. అలా అప్పగించిన అయిదు రోజుల్లోపు తల్లిదండ్రులకు బిడ్డను చూసే అవకాశం కల్పించాలన్నది ఇక్కడి నిబంధన. మా మొదటి కలయిక జనవరి 26న, విభాగం ఆఫీసులో, ఒక గంట.

ఆ గది గురించి చెప్పాలి. పాత సోఫా, పిల్లల కుర్చీలు రెండు, ప్లాస్టిక్ బుట్టలో బొమ్మలు. మూల కుర్చీలో ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని ఒకామె. ఆమె పని మమ్మల్ని చూస్తూ, జరిగినదంతా టైపు చేయడం. ముందుగా నియమాల కాగితం చదివి సంతకం పెట్టాలి. గుసగుసలాడకూడదు, అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు, కేసు సంగతి మాట్లాడకూడదు, త్వరలో ఇంటికి తీసుకెళ్తామని బిడ్డకు మాట ఇవ్వకూడదు. చివరగా ఆమె మెత్తగానే అన్నారు, నాకు అర్థం కావాలి కాబట్టి ఇంగ్లీషులో మాట్లాడండి అని.

పాప నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది. కట్టు వల్ల కాళ్లు విడిగా, బిగుసుకుని ఉన్నాయి. ఎప్పటిలా చంకన వేసుకోవడానికి వీల్లేదు. ఒక చేయి వీపు కింద, ఇంకో చేయి కట్టు కింద పెట్టి పళ్లెం ఎత్తినట్టు ఎత్తుకోవాలి. కట్టు లోపలికి చిన్న డైపరు దోపి, దాని మీద పెద్దది వేయాలని ఆ రోజే తెలిసింది. "బంగారం, అమ్మ వచ్చిందమ్మా" అన్నాను. మూల కుర్చీలో టైపు చప్పుడు ఆగింది. ఇక మాట్లాడలేదు. ఎనిమిది నెలలుగా తెలుగు తప్ప నా నోట వినని బిడ్డతో ఇంగ్లీషులో ఏం మాట్లాడను? గంటసేపు ఊపుతూ కూర్చున్నాను. తర్వాత లాయరు తెప్పించిన నోట్సులో ఆ రోజు గురించి ఇలా ఉంది: తల్లి కన్నీళ్లు పెట్టుకుంది, బిడ్డతో పెద్దగా మాట్లాడలేదు.

ఈ నోట్సులే జడ్జి దాకా వెళ్తాయి. మన ఇల్లు, మన పెంపకం, మన ప్రేమ, ఇవేవీ జడ్జి కంటితో చూడరు. ఆ గంటలో ఎవరో టైపు చేసిన వాక్యాలే చదువుతారు. మా లాయరు 1964 పౌర హక్కుల చట్టం ఎత్తి చూపారు. కేంద్ర నిధులు తీసుకునే సంస్థ ఏ దేశం నుంచి వచ్చారో చూసి వివక్ష చూపకూడదని ఆ చట్టం, భాష కారణంగా సేవ తగ్గించడమూ దాని కిందికే వస్తుందని మా లాయరు వాదన. ఫిబ్రవరిలో ఫోను స్పీకరులో తెలుగు దుబాసీని పెట్టారు, మార్చి నుంచి మనిషే వచ్చారు. ఆ రోజు నుంచి నోట్సు మారిపోయాయి. తల్లి పాటలు పాడింది, బిడ్డ నవ్వింది, తల్లి ఆకలి గుర్తులు పసిగట్టింది అని రాయడం మొదలైంది. నేను మారలేదు, నా నోరు తెరుచుకుందంతే. మొదటి రోజే దుబాసీని అడగండి. రాతపూర్వకంగా అడగండి. మీకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా సరే, బిడ్డకు రాదు కదా.

ఫిబ్రవరి 1న అసలు విచారణ. టెక్సాస్‌లో బిడ్డను తీసుకెళ్లిన 14 రోజుల్లోపు ఇది జరగాలి. పాప తరఫున కోర్టు వేరే లాయరును పెట్టింది, ఇలాంటి కేసుల్లో పిల్లల తరఫున కోర్టుకు చెప్పే కాసా అనే స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక వాలంటీరు కూడా వచ్చారు. పాప ప్రభుత్వ సంరక్షణలోనే ఉండాలని జడ్జి అన్నారు. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు చూడొచ్చన్నారు. నా పాలు పంపడానికి అనుమతి అడిగితే ఇచ్చారు. అప్పటి నుంచి ప్రతి కలయికకూ చల్లని పెట్టెలో పాల సంచులు, మీద తేదీ, సమయం రాసి తీసుకెళ్లేదాన్ని. ఇవన్నీ అడిగితేనే దొరుకుతాయి, ఎవరూ తమంతట చెప్పరు.

పాప ఉన్న ఫాస్టర్ ఇంటి (ప్రభుత్వం తాత్కాలికంగా పిల్లల్ని ఉంచే ఇల్లు) ఆవిడ గురించి కృతజ్ఞతగా చెప్పాలి. డైపరు సంచిలో ఒక నోటుపుస్తకం పెట్టి పంపేవారు. ఉదయం 5:40కి లేచింది, నాలుగు ఔన్సులు తాగింది, ఎడమవైపు పడుకోబెడితే నిద్రపోతుంది అని. నేను కింద జవాబులు రాసేదాన్ని. నా జోలపాట రికార్డు కావాలని ఆవిడే అడిగారు. ఒకసారి చూడవచ్చిన రోజున పాప అరికాలికి దిష్టిచుక్క పెట్టాను. రెండు రోజుల తర్వాత విభాగం తరఫున మా కేసు చూసే కేస్ వర్కర్ ఫోను చేసి, కాలి మీద నల్లటి మచ్చ ఏమిటని అడిగారు. అది కాటుక అని చెప్పడానికి ఒక ఈమెయిలు, ఒక ఫొటో పట్టాయి. ఇంతకంటే పెద్దది నడుము కింద నీలిమచ్చ. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతో ఉంటుంది, దెబ్బలాగే కనిపిస్తుంది. ఆస్పత్రి రిపోర్టులో అది కూడా చేరింది. పుట్టినప్పుడు చూసిన పిల్లల డాక్టరు తన పాత రికార్డులోని పేజీ పంపాక తీసేశారు. మీ పిల్లలకు అలాంటి మచ్చ ఉంటే, మొదటి చెకప్‌లోనే రికార్డులో రాయించండి.

ఇక బంధువుల సంగతి. బిడ్డను ఉంచగలిగే ముగ్గురి పేర్లు రాయమని ఫారం ఇస్తారు. రక్తసంబంధమే కానక్కరలేదు, కుటుంబానికి బాగా దగ్గరి స్నేహితులైనా సరే. మావాళ్లంతా ఖమ్మంలో. అమ్మకు వీసా అపాయింట్‌మెంటు దొరకలేదు. ఇక్కడి స్నేహితుల్ని అడిగాం. వేలిముద్రలు ఇవ్వాలి, ప్రభుత్వం ఇల్లంతా చూస్తుంది అనగానే చాలామంది వెనక్కి తగ్గారు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తోందని ఒకరు, ఉద్యోగం ఊగిసలాడుతోందని ఒకరు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వీసా మీద బతికేవాళ్ల భయం నాకూ తెలుసు. పాత అపార్టుమెంటులో మా పై అంతస్తులో ఉండిన నరసరావుపేట అక్క మాత్రం ఫోనులోనే, "ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు చెల్లీ" అన్నారు.

అయినా ఆరు వారాలు పట్టింది. ఫిబ్రవరి 9న కాగితాలు ఇచ్చారు. ఆ తర్వాత వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ. 27న ఇల్లు చూడటానికి వచ్చారు. కుళాయి వేడినీళ్లు ఎంత వేడి, మందులు తాళం పెట్టెలో ఉన్నాయా, పొగ అలారం మోగుతుందా, ఉయ్యాలమంచం విడిగా ఉందా. దేవుడి గదిలో దీపం గురించి చాలాసేపు అడిగారు: ఎవరు వెలిగిస్తారు, వెలుగుతున్నంతసేపూ ఎవరు చూస్తారు అని. బావగారు అదే రోజు దేవుడి మందిరాన్ని పై అరకు ఎక్కించారు. మార్చి 21 విచారణలో అనుమతి వచ్చింది, మర్నాడు పాప అక్కవాళ్లింటికి చేరింది.

అప్పటి నుంచి కలయికలు అక్కవాళ్లింట్లో. మాపై పర్యవేక్షణ అక్కదే. ఒక్క నిమిషం కూడా తల్లిదండ్రుల్ని బిడ్డతో ఒంటరిగా వదలనని ఆమె సంతకం చేశారు. ఈ నియమం కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. ఇంట్లో అది ఎలా ఉంటుందో ఇప్పటికీ మరచిపోలేను. పాప నా ఒడిలో ఆడుకుంటుంటుంది. వంటింట్లో కుక్కరు కూత వేస్తుంది. అక్క వచ్చి, నా ఒడిలోంచి పాపను తీసి చంకన వేసుకుని, పొయ్యి కట్టేసి, మళ్లీ తెచ్చి నా ఒడిలో పెడతారు. "ఏమనుకోకు చెల్లీ" అంటారు. ప్రతిసారీ అంటారు. ఏమనుకుంటాను? ఆమె ఒక్కసారి నియమం తప్పినా, పాపను అక్కణ్నుంచి కూడా తీసుకుపోతారు. ఒకరోజు ఆమె స్నానాల గదికి వెళ్లాల్సి వస్తే నేను చెప్పులేసుకుని వరండాలో నిలబడ్డాను. అద్దం తలుపు అవతల పాప అరచేతులతో కొడుతోంది. లోపలి నుంచి అక్క ఏడుపు వినిపించింది.

మే 11న మొదటి పుట్టినరోజు. ఫొటోలు ఎక్కడా పెట్టవద్దని లాయరు ముందే చెప్పారు. అమ్మానాన్నలు వీడియోలో ఆశీర్వదించడానికి కూడా ముందుగా అనుమతి తీసుకున్నాం. ఎనిమిదింటికి మేం బయల్దేరాలి. ఏడున్నరకే పాప నా భుజం మీద నిద్రపోయింది.

ఈ మధ్యలో మేం పూర్తి చేయాల్సినవి విభాగం రాసిచ్చే సర్వీస్ ప్లాన్‌లో ఉన్నాయి: తల్లిదండ్రుల శిక్షణ తరగతులు, మానసిక పరీక్ష, విడివిడిగా కౌన్సెలింగ్. విభాగం పంపే చోట ఖర్చు లేదు, కానీ మానసిక పరీక్షకు ఏప్రిల్ దాకా తేదీ దొరకలేదు. ఖర్చుల విషయానికొస్తే, లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు కోర్టే లాయరును ఇస్తుంది. జీతం ఉంది కాబట్టి మేం పెట్టుకోవాల్సి వచ్చింది. మొదట 7,500 డాలర్లు, చివరికి 22,000 దాటింది. వైద్య రికార్డులు చూసిన నిపుణుడికి 3,500. అస్సలు ఊహించనిది ఇంకొకటి. బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో ఉన్నన్నాళ్లూ తల్లిదండ్రులు నెలనెలా భరణం కట్టాలని కోర్టు ఆదేశించవచ్చు. మాకు ఆదేశించింది. నాన్న ఊళ్లో స్థలం అమ్మారు.

వైద్యం వైపు చూస్తే, రెండు వారాలకు మళ్లీ తీసిన ఎక్స్‌రేల్లో కొత్త విరుగుళ్లు ఏవీ లేవు. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని వచ్చింది. టెక్సాస్‌లో 2021లో వచ్చిన చట్టం ప్రకారం రికెట్స్, విటమిన్ డి లోపం, ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు లాంటి అనుమానాలుంటే మొదట ఫిర్యాదు చేసిన డాక్టరు కాక వేరే నిపుణుడి అభిప్రాయం కోరవచ్చు. కోరాం. జూన్ దాకా ఎదురుచూశాం. అంత ఎత్తు నుంచి అలా పడితే ఇలా విరగడం సాధ్యమేనని ఆయన రాశారు. జులై 18న పాపను మా ఇంటికి పంపమని జడ్జి ఆదేశించారు. కేసు మాత్రం ముగియలేదు. ప్రభుత్వ సంరక్షణ, పర్యవేక్షణ కొనసాగుతూనే బిడ్డ ఇంట్లో ఉంటుంది. దీన్ని మానిటర్డ్ రిటర్న్ అంటారు.

జులై 23న మొదటిసారి ఇంటికొచ్చారు సహాయకురాలు. ఒక ప్రైవేటు సంస్థ తరఫున, మాకు ఖర్చు లేకుండా, వారానికి ఒకసారి. యాభై దాటిన మనిషి, భుజాన పెద్ద సంచి. చెప్పకుండానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, సోఫా వదిలేసి నేల మీద కూర్చున్నారు. "మీరు రోజూ చేసేవే చేయండి. నేను ఇక్కడుంటాను" అన్నారు.

ఒళ్లు రుద్దడం చూపించమన్నారు. నువ్వుల నూనె కాచి, చేతులు, ఛాతీ, వీపు రుద్ది, కాళ్ల దగ్గర ఆగిపోయాను, చేయి వణికింది. ఎముక డాక్టరుకు ఆమే అక్కడికక్కడే ఫోను చేసి, కాళ్లు రుద్దవచ్చా, ఎంత గట్టిగా అని అడిగి తెలుసుకున్నారు. వచ్చే వారం కలిసి చేద్దామన్నారు, చేశాం. పుస్తకాల అరను గోడకు బిగించే పట్టీలు తెచ్చారు. మంచం తీసేసి పరుపు నేల మీద వేయమని, పక్కనే పాప ఉయ్యాలమంచం పెట్టమని చెప్పారు. పాప మా మధ్య పడుకోవడం మన పద్ధతి అంటే కోప్పడలేదు. అంత దగ్గర్లోనే ఉంటూ విడి పడక మీద ఎలా పడుకోబెట్టాలో చూపించారు. నాకు నిద్ర పట్టడం లేదని నా ముఖం చూసి కనిపెట్టి, కొన్ని ప్రశ్నలు అడిగి, డాక్టరు దగ్గరికి పంపారు. అన్నిటికంటే ముఖ్యమైనది, వెళ్లే ముందు తాను రాసుకున్నది నా చేతికిచ్చి చదవమనేవారు. తప్పుంటే చెప్పమనేవారు. ఆ తర్వాతే సంతకం.

ఇంటికొచ్చాక పాప రాత్రిళ్లు లేచి అక్క కోసం ఏడ్చేది. అక్కనే "అమ్మా" అని పిలిచేది. నేను సహాయకురాలి ముందు ఏడ్చాను. అక్కను దూరం పెట్టకండి, వారానికి రెండుసార్లు రమ్మనండి, ఒక్కసారిగా తెంచవద్దు అన్నారు. అక్క వచ్చేవారు. సెప్టెంబరుకు పాప ఇద్దరినీ అమ్మా అనడం మొదలుపెట్టింది.

కేస్ వర్కర్లు చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వచ్చేవారు. ఫ్రిజ్ తెరిచి చూసేవారు. నవంబరుకు తలుపు గంట చప్పుడుకు గుండె దడ తగ్గింది. డిసెంబరు 12న పది నిమిషాల్లో కేసు అయిపోయింది.

కోర్టు కేసు కొట్టేసినా, మొదట విభాగం రాసిన "రీజన్ టు బిలీవ్" (బిడ్డకు హాని చేశారని నమ్మడానికి కారణం ఉంది) అనే నిర్ణయం దానంతట అది పోదు, దానికి వేరే పునఃపరిశీలన కోరాలి. మేం ఆ ఉత్తరంలోని గడువులోపే కోరి పెట్టుకున్నాం. 2025 ఫిబ్రవరిలో దాన్ని మార్చినట్టు ఉత్తరం వచ్చింది. కాపీలు తీసి ఒకటి వీసా కాగితాల్లో, ఒకటి లాయరు దగ్గర పెట్టాం.

నా మనసులో మిగిలిన ప్రశ్న ఒక్కటే. జులైలో మా నేల మీద కూర్చున్న ఆ మనిషిని జనవరిలోనే పంపి ఉంటే ఏమయ్యేది? వారానికి ఒకసారి కాదు, రోజూ పంపినా, ఫాస్టర్ ఇంటికీ కోర్టుకూ పెట్టినంత ఖర్చయ్యేది కాదనుకుంటాను. పాప తన పాలకు, తన భాషకు దూరమయ్యేది కాదు. అనుమానం వచ్చిన డాక్టర్లను నేను తప్పుపట్టను. అనుమానానికీ, బిడ్డను తీసుకెళ్లడానికీ మధ్య ఈ మెట్టు ఉండాలంటున్నాను. టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారే సమావేశమవుతుంది, 2025లో జనవరి 14న మొదలైంది. మాకు ఇక్కడ ఓటు లేదు, పాప మాత్రం ఇక్కడి పౌరురాలు. మా ప్రాంత ప్రతినిధికి ఇదంతా రెండు పేజీల్లో రాసి పంపాను. ఓటున్న తెలుగువాళ్లు టెక్సాస్‌లో చాలామందే ఉన్నారు. మీరూ రాయండి, 2025 తర్వాత మామూలు సమావేశాలు మళ్లీ 2027లోనే.